లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్: సరుకు మంచిదే, పేచీ అంతా కొలత పట్టికతోనే

ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల పిల్లల కోసమని కంపెనీలు విడిగా ఒక డ్రై ఫుడ్ అమ్ముతాయి. పక్క అరలోనే మామూలు పప్పీ ఫుడ్ ఉంటుంది. రెండింటి గింజలూ ఒకేలా కనిపిస్తాయి, పదార్థాల జాబితా కూడా ముప్పాతిక వంతు ఒకటే. అందుకే ‘పేరు మార్చి అమ్మడం తప్ప ఇందులో ఏమీ లేదు’ అని కొట్టిపారేసేవాళ్లు చాలామంది. కుక్కల సరుకుల్లో చాలావాటి విషయంలో ఆ అనుమానం సబబే. దీని విషయంలో మాత్రం పొరపాటు. పెద్దయ్యాక 25 కిలోలు దాటుతుందనుకున్న పిల్లకు ఎదిగినంత కాలం పెట్టాల్సింది ఇదే. అయితే బ్యాగు లోపలి సరుకుకు మంచి మార్కులు వేసినా, బ్యాగు మీద అచ్చేసిన కొలత పట్టికకు మాత్రం వేయలేం.

ముందు లోపల ఏముందో చూద్దాం. ఈ ఆహారం విలువ కలిపినవాటిలో కన్నా కట్టడి చేసినవాటిలో ఎక్కువ ఉంది. కట్టడి చేసేవి రెండు: కాల్షియం, క్యాలరీలు.

గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు అర కిలో పైచిలుకు తూగుతుంది. ఏడాదిన్నర తిరిగేసరికి 50 కిలోలు దాటిపోతుంది. అంత బరువును మోయాల్సిన ఎముకల కొసల్లో అప్పటికింకా మెత్తటి మృదులాస్థి పలకలుంటాయి. వాటినే గ్రోత్ ప్లేట్లంటారు. ఎముక పొడుగయ్యేది అక్కడే. చిన్న జాతుల్లో అవి ఏడాదిలోపే గట్టిపడి మూసుకుపోతాయి. పెద్ద జాతుల్లో ఏడాది దాటాక, భారీ జాతుల్లో ఏడాదిన్నరకో ఇంకా ఆలస్యంగానో మూసుకుంటాయి. అంటే పెద్ద జాతి పిల్లకు బరువు ముందొస్తుంది, గట్టిదనం తర్వాతొస్తుంది.

కాల్షియం సంగతి ఇక్కడే తేడా పడుతుంది. ఎదిగిన కుక్క తిండిలో కాల్షియం ఎక్కువైతే పేగు తనకు కావలసినంతే తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఆరు నెలల్లోపు పిల్లకు ఆ అదుపు ఇంకా సరిగా రాదు. ఎంత పెడితే దానికి తగ్గట్టు ఒంటికి పట్టించేసుకుంటుంది. ఎక్కువైన కాల్షియం వల్ల మృదులాస్థి ఎముకగా మారాల్సిన వేళకు మారదు. ఫలితంగా ముంగాళ్లు వంకరపోవడం, కీళ్లలో మృదులాస్థి పెచ్చుగా ఊడటం కనిపిస్తాయి. ఈ రెండో జబ్బును ఆస్టియోకాండ్రోసిస్ అంటారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హేజ్‌వింకల్, ఆయన సహచరులు 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద చేసిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా తేలింది. కాల్షియం తక్కువైనా గండమే. ఉత్త మాంసం మీద పెరిగిన పిల్లకు ఫాస్ఫరస్ ఎక్కువై, కాల్షియం చాలక, ఎముకలు పల్చబడి చిన్న గెంతుకే విరుగుతాయి. రెండు వైపులా హద్దున్న ఈ కొలతను గింజలో ఇమిడ్చి ఇవ్వడమే ఈ బ్యాగు చేసే అసలు పని. ఇంట్లో వండి పెడుతూ ఆ కొలత తప్పకుండా చూడటం పశు పోషణ నిపుణుల సాయం లేకుండా దాదాపు అసాధ్యం.

కాబట్టి ఈ ఆహారం పెడుతున్న పిల్లకు కాల్షియం సిరప్, మాత్రలు, ఎముకల పొడి ఏవీ పట్టకూడదు. జర్మన్ షెపర్డ్ పిల్ల చెవులు నిలబడటం లేదని కాల్షియం మొదలుపెట్టే అలవాటు ఒకటుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు మారేటప్పుడు లేచిన చెవులు మళ్లీ వాలడం మామూలే, చాలావరకు వాటంతటవే లేస్తాయి. కాళ్లు వంకరగా కనిపిస్తే ఎక్స్‌రే తీయించాలి. సిరప్ సీసా తెరిస్తే ఉన్న వంకర ఇంకా ముదిరే అవకాశమే ఎక్కువ.

ఇక లేబుల్. ముందువైపు బొమ్మలు, ‘అడ్వాన్స్‌డ్’, ‘ప్రీమియం’ లాంటి మాటలు వదిలేసి బ్యాగు తిప్పండి. అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు రూపొందించే సంస్థ ఆఫ్కో. దాని పద్ధతిని పాటించే బ్యాగుల మీద వెనకవైపు ఒక చిన్న వాక్యం ఉంటుంది. ‘పెద్ద సైజు కుక్కల పెరుగుదలతో సహా’ అని ఉంటే తీసుకోవచ్చు. ‘పెద్ద సైజు కుక్కల పెరుగుదలకు మినహా’ అని ఉంటే, ముందువైపు ఏ జాతి బొమ్మ వేసినా సరే, అరలో పెట్టేయండి. పెద్ద సైజు అంటే వాళ్ల లెక్కలో పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోలు, ఆపైన. ‘అన్ని వయసులకూ’ అని రాసిన ఆహారం కూడా ఈ వాక్యం ఉంటే పనికొస్తుంది.

ఆ వాక్యం వెనకున్న అంకె కాల్షియానిది. తేమ తీసేసి లెక్కేస్తే పిల్లల ఆహారంలో కనీసం 1.2 శాతం ఉండాలి. మామూలు పప్పీ ఫుడ్‌లో 2.5 శాతం దాకా ఉండొచ్చు, పెద్ద జాతుల ఆహారంలో 1.8 దాటకూడదు. క్యాలరీల లెక్కలో చెబితే ప్రతి 1000 కిలో క్యాలరీలకు 3 నుంచి 4.5 గ్రాములు. బ్యాగు మీద వేసే శాతం తేమతో కలిపి ఉంటుంది కాబట్టి మార్చుకోవాలి: కాల్షియం 1.3 శాతం, తేమ 10 శాతం అని ఉంటే, 1.3ను 0.9తో భాగిస్తే 1.44 వస్తుంది. హద్దులోనే ఉంది. కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1:1కీ 2:1కీ మధ్య ఉండాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలా బ్యాగుల మీద ‘కాల్షియం కనీసం ఇంత’ అని మాత్రమే ఉంటుంది. కనీసం ఒక శాతం అంటే అసలున్నది 1.1 కావచ్చు, 2.2 కావచ్చు. మనకు కావలసింది పై హద్దు. కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి, 1000 కిలో క్యాలరీలకు ఎన్ని గ్రాముల కాల్షియం ఉందో అడగండి. సూటిగా అంకె చెప్పే కంపెనీని నమ్మొచ్చు. అంకె అడిగితే బ్రోషర్ పంపే కంపెనీని పక్కన పెట్టడం మేలు.

పెరుగుదల నెమ్మదించాలని నాలుగైదు నెలలకే ఎదిగిన కుక్కల ఆహారానికి మార్చేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే, ఫలితం తలకిందులు. ఎదిగిన కుక్కల ఆహారంలో కాల్షియం పై హద్దు 2.5 శాతం. పైగా క్యాలరీలు పల్చగా ఉంటాయి గనుక కడుపు నిండటానికి పిల్ల ఇంకా ఎక్కువ తింటుంది. కాల్షియం తగ్గకపోగా పెరుగుతుంది.

మిగతా గొప్పల గురించి క్లుప్తంగా. ప్రొటీన్ ఎక్కువైతే ఎముకలు చెడతాయన్న మాటకు ఆధారం లేదు. గ్రేట్ డేన్ పిల్లల మీదే పరీక్షించి చూశారు, దోషం ప్రొటీన్‌ది కాదని తేలింది. కాబట్టి 26 శాతమా 30 శాతమా అని కొట్టుకోనక్కర్లేదు. చేప నూనె నుంచి వచ్చే డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు మెదడుకు, చూపుకు పనికొస్తుంది, ఉండాలి. కీళ్లకు మంచిదని చెప్పే ‘గ్లూకోసమైన్ ఉంది’ అన్నది చూసి మాత్రం కొనకండి. గింజల్లో కలిపేది సాధారణంగా మందు మోతాదుకు బాగా తక్కువ. ‘మొదటి పదార్థం చికెన్’ అన్నది కూడా తూకం లెక్క: పచ్చి మాంసంలో మూడింట రెండొంతులకు పైగా నీరే, నీళ్లతో తూచి ముందు రాస్తారు. ధాన్యం కలపని గ్రెయిన్ ఫ్రీ రకాల జోలికి వెళ్లకపోవడమే నయం. పప్పు జాతి గింజలు ఎక్కువగా ఉన్న ఆహారాలకూ కుక్కల్లో గుండె కండరం బలహీనపడే డీసీఎం జబ్బుకూ సంబంధం ఉందా అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. సంబంధం ఉందని ఖాయంగా తేల్లేదు. గింజ ధాన్యం తింటే పిల్లకు నష్టమని కూడా ఎవరూ తేల్చలేదు గనుక, ఆ ప్రయోగం మన పిల్ల మీద అక్కర్లేదు.

ఇప్పుడు పేచీ దగ్గరికి వద్దాం.

పట్టికలు రెండు రకాలు. ఒకటి పిల్ల ఈ రోజు బరువును బట్టి గ్రాములు చెబుతుంది. రెండోది పిల్ల పెద్దయ్యాక ఎంత బరువుంటుందో అడిగి, దాని వయసును బట్టి చెబుతుంది. ఒకదాన్ని ఇంకోదానిలా చదివితే కొలత ఎటో పోతుంది. ముందు అది ఏ రకమో చూసుకోండి. పెద్ద జాతుల బ్యాగుల్లో రెండో రకమే ఎక్కువ, అందులోనే తప్పు దొర్లుతుంది. ‘మా వాడు 45 కిలోలవుతాడు’ అని యజమాని ఆశగా ఊహిస్తాడు, నిజానికి ఆ ల్యాబ్ 32 దగ్గర ఆగాల్సింది. ఆశకు తగ్గట్టు గిన్నె నిండుతుంది. తల్లిదండ్రుల బరువు తెలిస్తే అదే లింగం వాళ్ల బరువు తీసుకోండి, తెలియకపోతే జాతి సగటులో కింది అంకె తీసుకోండి. పట్టిక చెప్పే కొలతలో బిస్కెట్లు, ట్రైనింగ్ తాయిలాలు, టేబుల్ కింద పడ్డవి లెక్కలో ఉండవు. రోజు క్యాలరీల్లో పదో వంతుకు మించి వీటికి ఇవ్వకూడదు, ఆ వంతును గిన్నెలోంచి తీసేయాలి. ఇంకొకటి, కప్పుతో కొలవొద్దు. ఒకే కప్పును ఇద్దరు నింపితే ఇద్దరి తూకం వేరు. వంటింటి డిజిటల్ తూకం మీద గ్రాముల్లో తూచండి.

పట్టికను సరిచూసుకోవడానికి ఒక లెక్కుంది. పిల్ల బరువును మూడుసార్లు గుణించి, వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించాలి. 20 కిలోల పిల్లకు 20×20×20 అంటే 8000. ఒకసారి వర్గమూలం తీస్తే 89.4, మళ్లీ తీస్తే 9.46; దాన్ని 70తో గుణిస్తే దాదాపు 660 కిలో క్యాలరీలు. ఇది ఊరికే పడుకున్నా ఖర్చయ్యే శక్తి. నాలుగు నెలల్లోపు పిల్లకు దీనికి మూడు రెట్లు, ఆ తర్వాత రెండు రెట్లతో మొదలుపెట్టాలి. మన పిల్లకు ఐదు నెలలైతే 1320. బ్యాగు మీద కిలోకు 3700 కిలో క్యాలరీలని ఉంటే రోజుకు సుమారు 355 గ్రాములు. పట్టిక 430 అంటుంటే, 355తో మొదలుపెట్టండి. ఈ లెక్క కూడా వేదవాక్కు కాదు, ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకే అవసరం తేడాగా ఉంటుంది. అసలు తీర్పు పిల్ల ఒంటిది.

ఒళ్లు చూడటం ఇలా. అరచేయి కిందికి పెట్టి, చేతివేళ్లు చాచి, వేళ్ల మొదళ్ల మీద రెండో చేత్తో తడమండి. పిల్ల పక్కటెముకలు తగలాల్సింది అలాగే: పల్చటి పొర కింద, ఒక్కొక్కటి లెక్కపెట్టగలిగేలా. బిగించిన పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కచిక్కింది. అరచేతి కండలా మెత్తగా తగిలితే కొవ్వెక్కింది. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. పశువైద్యులు వాడే తొమ్మిది మెట్ల కొలతలో ఎదిగే పెద్ద జాతి పిల్ల 4 లేదా 5లో ఉండాలి. వారానికోసారి బరువు, రెండు వారాలకోసారి పక్కటెముకలు చూసి, తేడా ఉంటే ఆహారాన్ని పది శాతం చొప్పున తగ్గించడమో పెంచడమో చేయండి. పెంపుడు జంతువుల పోషణ మీద పరిశోధించే వాల్తం సంస్థ ఉచితంగా ఇచ్చే పెరుగుదల చార్టుల్లో బరువు గుర్తిస్తూ పోతే పిల్ల తన గీత వదిలి పైకి పోతోందా అన్నది ముందే తెలుస్తుంది. కాకపోతే అవి పెద్దయ్యాక 40 కిలోల్లోపు ఉండే కుక్కలకే. గ్రేట్ డేన్, మాస్టిఫ్ యజమానులకు చేత్తో తడమడమే దిక్కు.

బొద్దుగా ఉన్న పిల్లను చూసి ముచ్చటపడే ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమే. సన్నగా పెంచితే ఎత్తు తగ్గిపోతుందన్న భయం కూడా ఉంటుంది. పోషకాలు సరిపోతున్నంతవరకు చివరి ఎత్తు జన్యువుల్లో రాసి ఉంటుంది, నెమ్మదిగా పెరిగిన పిల్లా అక్కడికే చేరుతుంది. ప్యూరినా సంస్థ 48 ల్యాబ్రడార్ల మీద జీవితాంతం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. ఒకే ఈత పిల్లలను జతలు చేసి, ఎనిమిది వారాల వయసు నుంచి ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, రెండోవాటిది 11.2. కీళ్ల నొప్పులకు మందు అవసరమైన వయసు కూడా తక్కువ తిన్నవాటిలో బాగా వెనక్కి జరిగింది. ఆహారం తయారుచేసే కంపెనీయే తక్కువ పెట్టమని నిరూపించుకుని, ఇదే రంగం పట్టికల్లో మాత్రం ధారాళంగా కొలవడం కాస్త విడ్డూరం.

రోజు తిండిని ఒకేసారి గిన్నెలో పోయకూడదు. నాలుగు నెలల దాకా నాలుగు పూటలు, ఆరు నెలల దాకా మూడు, ఆ తర్వాత జీవితాంతం రెండు. ఒకే పూట భారీగా తినడం, గబగబా మింగడం లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదాన్ని పెంచుతాయి. లార్జ్ బ్రీడ్ గింజ కాస్త పెద్దదిగా ఉండేది నమిలి తింటారనే. అయినా మింగేసే పిల్లకు గాళ్లున్న స్లో ఫీడర్ గిన్నె వాడండి. ఎత్తు స్టాండు మీద గిన్నె పెడితే ఉబ్బరం రాదని అమ్ముతారు. పర్డ్యూ విశ్వవిద్యాలయం 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎత్తు గిన్నెలతో ప్రమాదం పెరిగినట్టే కనిపించింది. మెడనొప్పి లాంటి కారణంతో వైద్యులు చెబితే తప్ప స్టాండు కొనొద్దు. పొట్ట బిగుసుకుని, వాంతి రాకుండా ఓకరిస్తూ, కూర్చోలేక నిలవలేక తిరుగుతుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉదయం దాకా ఆగితే బతకడం కష్టం.

బ్యాగు సైజు కూడా చూసి తీసుకోవాలి. తెరిచాక ఆరు వారాల్లో అయిపోవాలి. తర్వాత కొవ్వులు చేదెక్కుతాయి, విటమిన్లు తగ్గుతాయి. రోజుకు 400 గ్రాములు తినే పిల్లకు 15 కిలోల బ్యాగు 37 రోజులొస్తుంది, బాగానే ఉంది. రెండు నెలల పిల్ల తినేది అందులో సగం, దానికి చవకని పెద్ద బ్యాగు కొంటే అడుగునున్నది పాడవుతుంది. గింజలను ప్లాస్టిక్ డబ్బాలో ఒంపేయకండి. బ్యాగుతో సహా డబ్బాలో పెట్టి మూత బిగించండి. డబ్బా గోడలకు అంటిన పాత నూనె కొత్త సరుకును కూడా చెడగొడుతుంది. పైగా ఏదైనా తేడా వస్తే కావలసిన లాట్ నంబరు, తేదీ ఆ బ్యాగు మీదే ఉంటాయి. 27 డిగ్రీల లోపు ఉండే పొడి చోటు మంచిది.

పాత ఆహారం నుంచి మార్చడానికి పది రోజులు పెట్టుకోండి. మూడు రోజులు కొత్తది పావు వంతు, మూడు రోజులు సగం, మూడు రోజులు ముప్పావు, పదో రోజు పూర్తిగా. విరేచనం మెత్తబడగానే ‘ఈ కంపెనీది పడలేదు’ అని బ్యాగు మార్చేస్తారు. పొద్దున గట్టిగా, సాయంత్రానికి మెత్తగా ఉంటే చాలాసార్లు ఆహారం ఎక్కువైందనే అర్థం. ముందు పది శాతం తగ్గించి మూడు రోజులు చూడండి. రక్తం, వాంతులు, నీరసం ఉంటే మాత్రం ఆహారం గురించి ఆలోచిస్తూ కూర్చోవద్దు. ప్రాణాంతకమైన వైరస్ జబ్బు పార్వో కావచ్చు, అదే రోజు వైద్యులకు చూపించాలి.

కంపెనీల మధ్య తేడాల్లో పట్టించుకోదగ్గది ఒకటుంది. రాయల్ కానిన్ 26 నుంచి 44 కిలోల జాతులకు మ్యాక్సీ అని, 45 దాటేవాటికి జెయింట్ అని విడగొడుతుంది. జెయింట్‌లో మళ్లీ ఎనిమిది నెలల దాకా పప్పీ, ఆ తర్వాత జూనియర్. చాలా కంపెనీలు లార్జ్ బ్రీడ్ పప్పీ అని ఒకే బ్యాగుతో సరిపెడతాయి. సెయింట్ బెర్నార్డ్, గ్రేట్ డేన్ లాంటివాటికి ఆ విభజనలో అర్థముంది, వాటి ఎదుగుదల ఎక్కువ కాలం సాగుతుంది. ల్యాబ్‌కు, గోల్డెన్‌కు ఆ వెనకవైపు వాక్యం ఉన్న ఏ మంచి బ్యాగైనా ఒకటే. పక్కింటి కుక్క బాగుందని పేరు చూసి మార్చక్కర్లేదు.

ఆపడం ఎప్పుడంటే, ల్యాబ్ స్థాయి కుక్కకు 12 నుంచి 15 నెలల మధ్య, భారీ జాతులకు 18 నుంచి 24 నెలల మధ్య. ఈలోగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే శక్తి అవసరం బాగా పడిపోతుంది. కుట్లు విప్పిన వారం నుంచే ఐదో వంతు తగ్గించి పక్కటెముకలు తడుముతూ ఉండండి. ఎదిగిన కుక్కల బ్యాగుకు మారేటప్పుడు కూడా పది రోజుల పద్ధతే. కొత్త బ్యాగు క్యాలరీల అంకె వేరు కాబట్టి పాత గ్రాములనే కొనసాగించకుండా తూకం మళ్లీ లెక్కేసుకోండి.